వల దించితే చాలు

పిల్లలకి ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. మా చెల్లెలి కొడుకు ఆరేళ్ల చిన్నాగాడికి కార్ల రేసు పిచ్చి. మామూలు కార్లు కాదండోయ్, స్టాక్ కార్లు!

వాళ్లుండేది అమెరికాలో, ఉత్తర కరోలినాలోని షార్లెట్‌లో. ఆ ఊరు ఈ రేసులకి పుట్టిల్లు లాంటిది. 1949 జూన్ 19న ఇప్పటి నాస్కార్ కప్ పోటీలకి మూలమైన మొదటి రేసు జరిగింది అక్కడే. అందులో సారా క్రిస్టియన్ అనే ఆవిడ కూడా కారు నడిపింది. ఈ సంగతి తెలిశాక నాకూ కాస్త సరదా పుట్టింది.

రెండు నెలలు ఉందామని వెళ్లానా, మొదటిరోజే చిన్నా నన్ను కూలేసి పాఠం మొదలెట్టాడు. "పెద్దమ్మా, ఈ కార్లకి తలుపులు తెరుచుకోవు. కిటికీలోంచి దూరాలి. ముందు లైట్లు కూడా ఉత్త స్టిక్కర్లే!" ఒకప్పుడు షాపులో కొన్న కారునే రేసుకి తెచ్చేవారట, అందుకే స్టాక్ కారు అన్న పేరు. ఇప్పుడు పోలిక మాత్రమే మిగిలింది. పక్కనే కాంకర్డ్‌లో ఒకటిన్నర మైళ్ల ట్రాక్ ఉంది. ఏటా మే నెలలో దానిమీద 400 చుట్లు, అంటే 600 మైళ్లు తిరుగుతారు. "తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే కదరా రావడం, గానుగెద్దులాగా" అన్నాను. వాడు నాతో పూటంతా మాట్లాడలేదు!

మా అమ్మకి మాత్రం మనవడికి తెలుగు అంకెలు రావని బెంగ. ఆ పని కార్లే చేసిపెట్టాయి. రిచర్డ్ పెట్టీ కారు నలభై మూడు, డేల్ ఎర్న్‌హార్ట్ నల్లకారు మూడు. వారం తిరిగేసరికి ఫోన్‌లో అమ్మమ్మకి గడగడా అప్పజెప్పేశాడు.

ఓ ఆదివారం టీవీలో రేసు చూస్తున్నాం. ఒక కారు గిర్రున తిరిగి గోడకి గుద్దుకుంది. ఒకటే పొగ. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. 2006లో మా తమ్ముడు స్కూటరు మీద వెళ్లి తిరిగి రాలేదు. వాడికి ఇరవై రెండేళ్లు అప్పుడు. పగలకుండా ఇంటికొచ్చింది హెల్మెట్ ఒక్కటే. అది హ్యాండిల్‌కి తగిలించి ఉంది మరి. అప్పట్నుంచీ వేగం అంటేనే నాకు దడ.

చిన్నా నా చెయ్యి పట్టుకు లాగాడు. "కళ్లు తెరు పెద్దమ్మా! వల దించాడు, ఏం కాలేదు!"

డ్రైవరు పక్క కిటికీకి వల కట్టి ఉంటుంది. గుద్దుకున్నాక ఆ వల దించాడంటే, నేను బాగానే ఉన్నాను అని అందరికీ చెప్పడమన్నమాట. చిన్నా చూపు పొగ మీద లేదు, వల మీదే ఉంది.

ఆ రాత్రి చెల్లెలు చెప్పింది. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 రేసు ఆఖరి చుట్టులో ఎర్న్‌హార్ట్ చనిపోయాడు. ఆ ఏడాదే తలనీ మెడనీ పట్టి ఉంచే పరికరం తప్పనిసరి చేశారు. తర్వాత గోడలకి దెబ్బని తట్టుకునే అమరిక చేశారు. రెండు దశాబ్దాలు దాటింది, కప్ రేసుల్లో ఆ తర్వాత మరో డ్రైవరు ప్రాణం పోలేదు. అంత వేగంగా పోయేవాళ్లకే అంత జాగ్రత్త ఉంటే, కూరగాయలకని బండి తీసే మనకేమిటి ధీమా? "ఈ సందు చివరికే కదా!" అంటాం.

వాడి ఆటబొమ్మల్లో మేమిద్దరం తమ్ముణ్ణి తలుచుకుని ఏడుస్తాంగానీ, పిల్లాడి సరదా ఎందుకు చంపాలి, అంది చెల్లెలు. నిజమే అనిపించింది. భయపెట్టి ఆపితే వాడు వేగాన్ని దాచుకుంటాడు, జాగ్రత్తని నేర్చుకోడు. ఇప్పుడు చూడండి, కారెక్కితే బెల్టు పెట్టుకోమని వాళ్ల నాన్నకి వాడే గుర్తుచేస్తాడు.

విజయవాడ తిరిగొచ్చాక ఈ కథంతా మావారికి చెప్పాను. నవ్వారు. నవ్వినా, మర్నాటినుంచి హెల్మెట్ తలకెక్కింది. ఆఫీసు చేరగానే ఫోన్ చేస్తారు. ఒక్కటే మాట.

"వల దించానోయ్!"

ఆ తర్వాతే నేను కాఫీ తాగుతాను.