చిలమకూరి పాత మిద్దెలు

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినపుడు మా ఊరి పాత మిద్దెల మీద రాస్తానన్నాను. "మీ ఊళ్ళో అంత పాత గుడి ఉండగా మిద్దెలేమిటి?" అని నవ్వినారు. న్యాయమైన ప్రశ్నే. ఎర్రగుంట్ల దగ్గరి చిలమకూరును చరిత్ర విద్యార్థులు గుర్తుపట్టేది అగస్త్యేశ్వరాలయం వల్లనే. రేనాటి చోళుల కాలపు గుడి అది. ఆ కాలపు తెలుగు శాసనం కూడా అక్కడున్నది. అదే మండలంలోని కలమళ్ళలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనమని పండితులు చెప్పేది దానినే. కనుక గుడికి పండితులున్నారు, పుస్తకాలున్నాయి. గుడి చుట్టూ ఉన్న ఇండ్లకు ఎవరున్నారు? మా జేజి ఉండే మిద్దెను వచ్చే వేసవిలో పడగొట్టాలని ఇంట్లో తీర్మానమయింది. అందుకని ఈ వ్యాసం.

కోస్తా మిత్రులకు ఒక మాట. మీ వైపు మిద్దె అంటే పై అంతస్తు కాబోలు. మా సీమలో మట్టికప్పు వేసిన ఇల్లే మిద్దె. లేనివాళ్ళది బోదకొట్టం, కాస్త ఉన్నవాళ్ళది మిద్దె. గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి, మందం రెండడుగులకు తగ్గదు. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపైన బండలో కట్టెపేళ్ళో పరచి, ఆ పైన జానెడు మందాన మట్టి, అన్నిటికీ పైన చవుడు. వెలుతురు రావడానికీ, పొగ పోవడానికీ నడికప్పులో గవాక్షి. వాన వస్తే దాని మీద బండ మూయాలి. బడి నుంచి వచ్చేటప్పటికి వాన పట్టుకుంటే మిద్దె ఎక్కి గవాక్షి మూసే పని చిన్నప్పుడు నాదే.

ఈ చవుడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. పైరు పండని ఉప్పునేల మట్టి అది. రైతు దానిని తిట్టుకుంటాడు. కానీ అందులోని సోడియం వల్ల తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి. నీరు లోపలికి దిగదు, పైపైన జారి దోనెల్లోంచి బయటికి పోతుంది. చేనికి ఏ గుణం శాపమో కప్పుకు ఆ గుణమే రక్ష. రసాయనశాస్త్రం చదవని మన పెద్దలు దీనిని ఎన్నడో కనిపెట్టినారు! అయితే ఏడాదికొకసారి, వానలకు ముందు, కొత్త చవుడు తోలి పరచవలసిందే.

అసలు చిక్కు అక్కడే ఉంది. మిద్దె పడగొట్టవద్దని నేను వాదించబోతే మా జేజి ఒక్క మాటతో నా నోరు మూయించింది: "చవుడు తోలేవాండ్లు లేరు, మిద్దె ఎక్కి పరిచేవాండ్లు లేరు. ఉరుచ్చాంటే గిన్నెలు పెట్టుకుంటా కూచునేది నేను గదరా, నువ్వు కాదు." హాస్టల్లో కూర్చుని పాత ఇండ్ల మీద ప్రేమ ఒలకబోయడం సులభమని నాకప్పుడు తెలిసింది.

ఇంకొక చమత్కారం. మా ప్రాంతపు నేల అడుగున ఉన్నది నాపరాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథంలో దీనికి నార్జి సున్నపురాయి అని పేరు పెట్టినాడు. పొరలుపొరలుగా ఉంటుంది గనుక ఉలి పెట్టి కొడితే బండలుగా విడిపోతుంది. కడప బండ అని దేశమంతా పరచుకునేది అదే. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే సున్నమవుతుంది. మట్టి కలిపి పద్నాలుగు వందల యాభై డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటుకు మూలమైన క్లింకరవుతుంది. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీని 1990లో ఇండియా సిమెంట్స్ వారు కొన్నారు. 2024 డిసెంబరులో ఆ సంస్థే అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. అంటే మా మిద్దెల కింద పరచిన రాయీ, ఆ మిద్దెలను కూలదోసి కట్టే స్లాబు ఇండ్ల సిమెంటూ ఒక్క తల్లి బిడ్డలే.

సిమెంటు మీద నాకు కోపం లేదు. ఊళ్ళో ఎంతోమందికి అన్నం పెట్టిన ఫ్యాక్టరీ అది. కానీ పాత గోడకు సిమెంటు పూస్తే జరిగేది మా ఇంట్లోనే చూసినాను. మట్టిగోడ తడిని పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. సున్నం పూత దానికి అడ్డురాదు. సిమెంటు పూత అడ్డువస్తుంది. మా చిన్నాయన వీధిగోడకు ముచ్చటపడి సిమెంటు పూయించినాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత పలకలు పలకలుగా ఊడింది, వెనక మట్టి మెత్తబడి గోడ పొట్ట తీసింది. పడగొట్టాలన్న మాట పుట్టింది ఆ గోడతోనే.

సిమెంటు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనూ ఇదే అనుభవం. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ అక్కడివాడే. ఈనాడు అక్కడ పాత కట్టడాలను బాగుచేసేవాళ్ళు గోడసందుల్లోని సిమెంటును గీకి తీసి మళ్ళీ సున్నం పెడుతున్నారు. లండను శివారులో పిన్నర్ అనే ఊరుంది. 1321లో ప్రతిష్ఠ జరిగిన చర్చి, దాని ముందు వీధిలో కొయ్యచట్రాల పాత ఇండ్లు. 1885లో రైలు వచ్చి ఊరు నగరంలో కలిసిపోయినా ఆ వీధి నిలిచింది. ఆ రకం ఇండ్ల గోడలు కంప అల్లి మట్టి మెత్తినవే. మన కొట్టం గోడకు దాయాదులనుకోండి! 1947 చట్టం వచ్చినప్పటి నుంచి అక్కడ కోటలతోబాటు మామూలువాళ్ళ కుటీరాలను కూడా జాబితాకు ఎక్కించినారు. 1700కు ముందు కట్టినది చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటే దాదాపు తప్పక ఎక్కుతుంది. ఎక్కిన ఇంటిని అనుమతి లేకుండా కూల్చడం నేరం. యజమానులు విసుక్కోకపోరు, కిటికీ మార్చాలన్నా అర్జీ పెట్టాలి గదా.

మనకు 1958 నాటి పురావస్తు చట్టం ఉంది, నూరేళ్ళు దాటిన కట్టడాలను రక్షించవచ్చునంటుంది. ఆచరణలో అది గుడికి, కోటకు, సమాధికి వర్తిస్తుంది గాని రైతు మిద్దెను చూడదు. చూసినా మా జేజి గిన్నెలు తీసిపెట్టేదెవరు? చవుడు పరచే కూలి ఎవరిస్తారు?

నిలబెట్టడం మా చేతుల్లో లేదని తేలినాక చేయగలిగిన పనొకటి మిగిలింది. మొన్న దసరా సెలవుల్లో టేపు తీసుకుని మిద్దెనంతా కొలిచినాను. పడసాల, వంటిల్లు, గాదె ఉన్న గది, దివ్వెగూళ్ళు ఎన్ని, దూలం చుట్టుకొలత ఎంత, అన్నీ పటం గీసుకున్నాను. టేపు రెండో కొస పట్టుకున్నది జేజియే. "పడగొట్టేదానికి కొలతలెందుకురా?" అన్నది మొదట. తర్వాత ఏ దూలం ఏ ఊరి చెట్టుదో, ఏ గూట్లో ఎవరు డబ్బు దాచినారో తనే చెబుతూ పోయింది. సాయంత్రానికి చిన్నాయనను పిలిచి, కొత్తింటికి పాత ద్వారబంధమే పెట్టాలని చెప్పింది. ఆయన మేస్త్రీని అడుగుతానన్నాడు. కొత్త గోడ తొమ్మిదంగుళాలది, ద్వారబంధం మందం దానికంటే ఎక్కువ. మేస్త్రీ ఇంకా ఏమీ చెప్పలేదు.