పరాయి నగరంలో వ్యాయామశాల - ఎంపిక ఎలా?

శరీరం మన సొంత ఆస్తి కాదు. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో గడపాలని సంకల్పించిన హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)కు, నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. బలహీనుడైన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలున్నదని మరో హదీసు భావం. 'తందురుస్తీ హజార్ నేమత్' అని మన పెద్దలు ఊరకే అనలేదు.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మన తాతల కాలాన ఈ అమానతును కాపాడుకోవటానికి వేరే ఏర్పాటు అవసరపడలేదు. రోజంతా నల్లరేగడి చేలో నడుము వంచి పత్తి తీసేవారికి, ఎండలో కళ్లం మీద మిరపకాయలు తిరగవేసేవారికి, 40 కిలోలు దాటిన మిర్చి టిక్కీని వీపుకెత్తుకునే హమాలీకి వ్యాయామశాలతో పనేముంది? వారి మనుమలు నేడు హైదరాబాదు, బెంగుళూరు, దుబాయి, లండన్ నగరాల్లో ఉదయం నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చుంటున్నారు. తిండి మారలేదు, కష్టం పోయింది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

అయితే పరాయి నగరంలో జిమ్ వెతుక్కునే మన పిల్లలకు కొత్త చిక్కు ఎదురవుతుంది. చెవులు చిల్లులు పడే సంగీతం, చాలీచాలని దుస్తులు, ఆడామగా కలగలుపు చూసి కొందరు గుమ్మంలోంచే వెనుదిరిగి ఒళ్లు పెంచుకుంటారు. మరికొందరు హయాను గుమ్మం బయట విడిచి లోపలికి పోతారు. రెండూ సరికావు. వ్యాయామం మానుకోవటం పరహేజ్‌గారీ అనిపించుకోదు. సిగ్గు వదులుకుని సంపాదించేది ఆరోగ్యమూ కాదు.

పరదేశంలో తలుపులు మూసుకుపోవటం ఈనాటి సంగతి కాదు. 'గామా పహిల్వాన్'గా పేరుపొందిన గులాం ముహమ్మద్ 1910లో లండన్ వెళ్లినపుడు, పొట్టివాడని అక్కడి నిర్వాహకులు పోటీలోకే రానివ్వలేదు. ఆయన నిరుత్సాహపడలేదు. ఏ బరువు వారైనా సరే, అరగంటలో ముగ్గురిని పడగొడతానని బహిరంగంగా సవాలు విసిరాడు. అమెరికా మల్లుడు బెంజమిన్ రోలర్‌ను ఓడించాడు. సెప్టెంబరు 10న పోలండ్ వీరుడు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా నేలను కరచుకుని గడిపి తప్పించుకున్నాడు. 17న జరగవలసిన మలిపోరుకు అసలు రానేలేదు. ఆ పరాయి నగరంలో గామాకు తోడుగా నిలిచినది సొంత తమ్ముడు ఇమాం బక్ష్. అతడూ పేరుమోసిన పహిల్వానే.

హైదరాబాదు బార్కస్ కథ కూడా ఇటువంటిదే. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బ్యారక్‌లలో కాపురమున్న చోటు గనుక ఆ పేరు వచ్చింది. పరాయిగా వచ్చినవారు తమ ఆచారాలు విడువలేదు, శరీరాన్నీ విడువలేదు. తాలింఖానాలతో, పహిల్వాన్లతో బార్కస్ నేటికీ ప్రసిద్ధం.

ఈ రెండు ఉదంతాల సారం ఒక్కటే. యంత్రాలను బట్టి కాదు, సావాసాన్ని బట్టి వ్యాయామశాలను ఎంచుకోవాలి. కొత్త ఊరికి చేరగానే మసీదులో జుమా తరువాత స్థానికులను అడగండి. నమాజు చేసే మిత్రుడు ఒక్కడు జత కుదిరితే సగం చిక్కు తీరినట్లే. ఏడాది రుసుము కట్టేముందు, మీరు వెళ్లదలచిన వేళకే ఒకరోజు వెళ్లి చూడండి. వేకువన ఫజర్ తరువాత రద్దీ తక్కువ. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం 4 గంటలకే పొద్దుగూకుతుంది. పని ముగించి నేరుగా జిమ్‌కు పోతే మగ్రిబ్ చేజారుతుంది. అందుకని అక్కడ నమాజుకు చోటున్నదేమో ముందే విచారించాలి.

పురుషునికి నాభి నుంచి మోకాలు సహా సతర్ అని హనఫీ మస్లక్ చెబుతుంది. మోకాలు దాటిన వదులు పైజామా ఏ కసరత్తుకూ అడ్డు కాదు. పడమటి దేశాల్లో మగవారంతా ఒకే గదిలో బట్టలు మార్చుకునే చోట్లు అనేకం. మగవారి ఎదుటా సతర్ పాటించవలసిందే. కండలు త్వరగా వస్తాయని శిక్షకుడు ఇచ్చే సూదిని, పేరులేని పొడిని ముట్టవద్దు. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతానశక్తిని దెబ్బతీస్తాయి. అమానతులో ఇది ఖియానత్.

మరి ఆడపిల్లల మాట? దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన సంగతి హదీసుల్లో ఉన్నది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2009లో విశాఖపట్నం శిక్షణ కేంద్రంలో చేరి, 2022, 2023లలో బాక్సింగ్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. మన మంగళగిరి అమ్మాయి షేక్ సాదియా అల్మాస్ పవర్ లిఫ్టింగ్‌లో అంతర్జాతీయ పతకాలు తెచ్చింది. సౌదీ అరేబియాలో సైతం స్త్రీల వ్యాయామశాలలకు అనుమతులిస్తామని 2017లో ప్రకటించారు. కనుక 'వద్దు' అనేముందు తల్లిదండ్రులు నాలుగు సంగతులు విచారించాలి. ఆ సమయంలో స్త్రీలు మాత్రమే ఉంటారా? శిక్షకురాలు స్త్రీయేనా? హాలులో కెమెరాలున్నాయా? సెల్‌ఫోన్లు బయట పెట్టిస్తారా?

ఎక్కడా అనువుగా లేకపోతే నలుగురు కలిసి ఒక గది చూసుకోండి. దండీలకు, బస్కీలకు యంత్రాలు అక్కరలేదు. అదీ కుదరకపోతే ఇషాకు మసీదుకు కాలినడకన వెళ్లండి. ప్రతి అడుగుకూ పుణ్యం, ప్రతి అడుగూ వ్యాయామం.

దూరాన ఉన్న బిడ్డకు ఫోను చేసినపుడు జీతం సంగతి, నమాజు సంగతి మనం అడుగుతూనే ఉన్నాం. ఇకమీదట ఎవరితో కలిసి కసరత్తు చేస్తున్నావని కూడా అడుగుదాం. ఆ జవాబులోనే వాడి ఆరోగ్యమూ, నడతా రెండూ తెలుస్తాయి. మన సంతానానికి అల్లాహ్ దృఢమైన శరీరాన్ని, దానికి మించి దృఢమైన ఈమాన్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.