కోనసీమ పంట విరామం – మద్దతు ధర లెక్క

కర్మాగారంలో కార్మికులు సమ్మె చేయటం అందరూ ఎరిగినదే. పొలంలో రైతు సమ్మె చేయటం మాత్రం అరుదు. పండించకపోతే ముందు నష్టపోయేది అతడే కదా! అయినా 2011 సార్వాలో కోనసీమ రైతులు ఆ పని చేశారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో వేలకొలది ఎకరాలలో వరి ఊడ్చకుండా విడిచిపెట్టారు. దీనికి 'పంట విరామం' అని పేరు వచ్చినది.

వానకోసం ఎదురుచూచే మెట్టసీమలో ఇలా జరిగితే వింత లేదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీటితో సస్యశ్యామలమైన డెల్టాలో జరగటమే వింత. రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాదే విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీని నియమించి కారణాలు విచారింపజేసినది. 2022లో కొన్ని మండలాల రైతులు తిరిగి విరామం ప్రకటించారు. ప్రభుత్వం ఏటా మద్దతు ధర ప్రకటిస్తూనే ఉండగా రైతుకు ఎందుకు గిట్టుబాటు కాలేదు? ఇది తెలియాలంటే ముందు ఆ ధర ఎలా నిర్ణయమవుతుందో తెలుసుకోవలెను.

మద్దతు ధర ఎలా కడతారు?

1965లో కేంద్ర ప్రభుత్వం రెండు సంస్థలను నెలకొల్పినది. ఒకటి వ్యవసాయ ధరల సంఘం. ఇది ధరలను సిఫారసు చేస్తుంది. 1985 నుండి దీనిని వ్యవసాయ వ్యయ, ధరల సంఘం అంటున్నారు. రెండవది భారత ఆహార సంస్థ. ఇది ధాన్యం సేకరణ, నిల్వ చూస్తుంది.

సాగు ఖర్చును మూడు మెట్లుగా లెక్కిస్తారు. విత్తనాలు, ఎరువులు, కూలి, కౌలు మొదలైనవాటికి రైతు చేతినుండి పోయినదంతా మొదటి మెట్టు. దీనికి 'ఎ2' అని గుర్తు. రైతు కుటుంబం తమ చేలో తాము చేసుకున్న పనికి కూడా కూలి కట్టి దీనితో కలిపితే రెండవ మెట్టు. సొంత భూమికి రాదగిన కౌలు, సొంత పెట్టుబడిమీద వడ్డీ కూడా చేర్చితే మూడవ మెట్టు. దీని గుర్తు 'సి2'.

ఎం. ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతుల కమిషన్, మద్దతు ధర ఉత్పత్తి ఖర్చుకంటె కనీసం 50 శాతం ఎక్కువ ఉండాలని 2006లో సూచించినది. 2018లో కేంద్రం ఖర్చుకు ఒకటిన్నర రెట్ల ధర ఇస్తామని ప్రకటించినది. అయితే రెండవ మెట్టు ఖర్చునే ఆధారంగా తీసుకున్నది. మూడవ మెట్టును తీసుకోవాలని రైతు సంఘాలు కోరాయి. 2025–26లో సాధారణ రకం వరి క్వింటాలు ఖర్చును 1,579 రూపాయలుగా లెక్కించి, 2,369 రూపాయల ధర నిర్ణయించారు. 2011–12లో ఈ ధర 1,080 రూపాయలు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఈ ఖర్చు దేశం మొత్తానికి కట్టిన సగటు. ఏ ఒక్క ఊరి ఖర్చూ కాదు.

సగటులో కనబడని నేల

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల నడుమ కోనసీమ ఉన్నది. వైనతేయ పాయ దీనిని చీల్చుకుంటూ సముద్రంలో కలుస్తుంది. ఇక్కడి నేల దాదాపు సముద్రమట్టానికి సమీపంలో ఉండి, వాలు చాలా తక్కువ. ఆనకట్టనుండి కాలువనీరు పల్లానికి తనంతట తానే వస్తుంది. వచ్చిన నీరు బయటికి పోవటమే కష్టం. మురుగు కాలువలలో పూడిక పేరుకుంటుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది, సముద్రపు పోటు సమయంలో మురుగునీరు వెనుకకు నిలుస్తుంది.

వరి నీటిలో పెరిగే పైరే. కాని మొక్క నిలువునా మునిగి రోజుల తరబడి ఉంటే దానికి గాలి అందదు, కుళ్ళిపోతుంది. కోతకు వచ్చిన చేను పడిపోయి నీటిలో నానితే వెన్నుమీదనే గింజ మొలకెత్తుతుంది. ఆ ధాన్యం ఎలాగో ఒబ్బిడి చేసుకున్నా మరొక చిక్కు: సేకరణలో 17 శాతం వరకే తేమను అనుమతిస్తారు. తడిసిన ధాన్యం ఆ పరీక్షలో నిలవక తక్కువ ధరకు పోతుంది.

అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఎంతగా దెబ్బతీసినదో పెద్దలకు గుర్తే. జూన్‌లోనే నీరందితే ఊడ్పులు త్వరగా ముగిసి, తుపానులకు ముందే మాసూళ్ళు చేసుకొనే అవకాశం ఉంటుంది. అందుచేత ఇక్కడ మురుగు కాలువ పూడికతీత, కాలువకు నీరు వదిలే తేదీ కూడా మద్దతు ధరవంటివే.

కౌలుదారు లెక్క

ఇక్కడ సాగుచేసేవారిలో చాలామంది కౌలుదారులు. వారి లెక్కను ఒక ఉదాహరణతో చూతము. ఎకరానికి 24 బస్తాలు పండుతవనీ, కౌలు 10 బస్తాలనీ అనుకొందాము. కౌలుదారుకు 14 బస్తాలు మిగులుతాయి. ముంపువల్ల పంట 16 బస్తాలకు తగ్గితే, కౌలు తగ్గదు గనుక అతనికి మిగిలేది 6 బస్తాలే. పంట తగ్గినది మూడవ వంతు. కౌలుదారు వాటా తగ్గినది సగానికి మించి. దున్నకం, ఊడ్పు, ఎరువు ఖర్చులన్నీ ఆ 6 బస్తాలలోనుండే రావలెను.

సహాయం కూడా అతనిని సులభంగా చేరదు. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకం ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి కలిగిన రైతు కుటుంబాలకే. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చేందుకు రాష్ట్రంలో 2011లో ఒక చట్టం, పంట సాగుదారుల హక్కులకై 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండవదాని ప్రకారం 11 నెలల ఒప్పందంమీద భూయజమాని సంతకం చేయవలెను. సంతకం పెడితే భూమికి చిక్కు వస్తుందని యజమాని వెనుకాడితే, సాగుచేసిన మనిషి లెక్కలో లేకుండా పోతాడు.

కూలీ మాటేమిటి?

విరామం ప్రకటించిన రైతుకు ఆ ఏటి పెట్టుబడి అయినా మిగులుతుంది. ఊడ్పులకు, కలుపుతీతకు, కోతలకు పోయే కూలీకి మిగిలేది ఏమీ లేదు. అతనికి మద్దతు ధర లేదు, పంట బీమా లేదు. చేలో పని ఆగితే ఇంటిలో పొయ్యి ఆగుతుంది.

2005 ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చినది. ఆ పనులవల్ల కూలీలు దొరకటం లేదని, కూలి పెరిగినదని 2011లో రైతులు వాపోయారు. కూలీ దృష్టిలో అదే అతని బేరానికి బలం. 2025 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన చట్టం హామీని 125 రోజులు చేస్తూ, నాట్లు, కోతల కాలంలో మొత్తం 60 రోజులు ఆ పనులు ఆపే ఏర్పాటు కూడా చేసినది. చేలో పని ఉన్న ఏడు ఇది ఇద్దరికీ సరిపోవచ్చును. పనులు ఆపిన ఆ రోజులలోనే పంట విరామం కూడా వస్తే కూలీకి రెండు దారులూ మూసుకొనిపోతాయి.

కాబట్టి ధర ఒక్కటే మందు కాదు. ధర ధాన్యానికి అందుతుంది; సహాయం సాగుచేసేవానికి అందవలెను; పని కూలీకి అందవలెను; ముంపునీరు సముద్రానికి పోవలెను. ఈ నాలుగింటిలో ఏది తప్పినా మిగిలినవాటి ఫలితం తగ్గుతుంది. విద్యార్థులు తమ ఊరిలో ఒక ఎకరం వరికి అయిన ఖర్చును రైతునూ, కౌలుదారునూ, కూలీనీ అడిగి మూడు మెట్లుగా వ్రాసి చూడవచ్చును. ప్రకటించిన ధరతో దానిని పోల్చితే, సగటుకూ తమ ఊరికీ ఉన్న దూరం తెలుస్తుంది.