మీకు తెలుసా? జెరూసలేం రాజును చెరపట్టిన తుర్కమాన్ అమీరు

క్రూసేడర్లు 1099లో జెరూసలేంను గెలిచారు. అంతకు ఏడాది ముందు దాకా ఆ నగరం ఆర్తుక్ అనే తుర్కమాన్ నాయకుడి కొడుకులు సోక్మన్, ఇల్‌గాజీల చేతిలో ఉండేది. వాళ్లను వెళ్లగొట్టింది యూరప్ సేనలు కాదు, ఈజిప్టును ఏలుతున్న ఫాతిమిద్‌లు.

అన్నదమ్ములు ఉత్తరానికి మళ్లి, నేటి ఆగ్నేయ తుర్కియేలోని మార్దిన్, హిస్న్ కైఫా కోటల్లో పాతుకుపోయారు. 1119లో ఇల్‌గాజీ అంతియోక్ క్రూసేడర్ పాలకుడు రోజర్‌ను యుద్ధంలో హతమార్చాడు. ఆ చోటును ఫ్రాంకులు, అంటే క్రూసేడర్లు, ‘నెత్తుటి పొలం’ అన్నారు.

వీళ్లందరిలో అసలు సాహసి ఇల్‌గాజీ సోదరుడి కొడుకు బలక్. 1122లో ఎడెస్సా ప్రభువు జోసెలిన్‌ను, మరుసటి ఏడాది ఏకంగా జెరూసలేం రాజు రెండో బాల్డ్విన్‌నే పట్టుకుని ఖర్‌పుత్ కోటలో బంధించాడు. వాళ్లను విడిపించేందుకు మారువేషాల్లో చొరబడిన ఆర్మేనియన్లు కోటను చేజిక్కించుకున్నారు, జోసెలిన్ తప్పించుకున్నాడు. బలక్ మెరుపులా తిరిగొచ్చి కోటను మళ్లీ వశం చేసుకోవడంతో రాజు చెర మాత్రం తీరలేదు.

అంతటివాడు క్రూసేడర్లతో పోరులో చనిపోలేదు. తనకు ఎదురు తిరిగిన ముస్లిం పాలకుడి మన్‌బిజ్ కోటను ముట్టడిస్తూ, 1124లో బాణం తగిలి కన్నుమూశాడు. ఆనాటి పోరాటాలను రెండు మతాల యుద్ధంగా మాత్రమే చూస్తే ఈ కథ అర్థం కాదు.

ఆర్తుక్ వంశీకులైన ఈ ఆర్తుకిద్‌ల కొలువులోనే తర్వాతి కాలంలో అల్ జజరీ అనే మేధావి ఉండేవాడు. 1206లో పూర్తయిన ఆయన యంత్రాల గ్రంథంలో ఏనుగు ఆకారపు నీటి గడియారం ఉంది. ఆ ఏనుగు మన భారతదేశానికి గుర్తు అని చెబుతారు!