ఇంగ్లీషు పెద్ద ప్రశ్నలు: మన బిడ్డలకు మనమేమి చేయగలము?

సంక్రాంతి దాటిందంటే పదవ తరగతి బిడ్డలున్న ఇండ్లలో తెల్లవారుజామునే గైడు చదివే గొంతులు వినబడతాయి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు కదా! కాని ఇంగ్లీషులో పెద్ద ప్రశ్నలకు ఈ బట్టీ పనికిరాదు (గైడులు అమ్మేవారు క్షమించాలి). ఉత్తరము, డైరీ, సంభాషణ, జీవిత చరిత్ర అంటూ అడుగుతారు. ప్రతిసారీ విషయము మారిపోతుంది. బట్టీ పట్టిన బిడ్డకు ఒక్క వాక్యము మరుపు వస్తే తరువాతిది కూడా రాదు.

జీవిత చరిత్రనే తీసుకోండి. కావలసిన వివరాలు చాలాసార్లు ప్రశ్నలోనే ఉంటాయి. అబ్దుల్ కలాం గారి పేరు ఇచ్చి, పుట్టినది 1931, రామేశ్వరం అని ఉందనుకుందాము. దానిని అలాగే దించకుండా, "హీ వాజ్ బార్న్ ఎట్ రామేశ్వరం ఇన్ 1931" అని వాక్యము చేయాలి. పుట్టుక జరిగిపోయిన సంగతి గనుక "ఈజ్" కాదు, "వాజ్" రాయాలి. ఇందుకు గైడు ఎందుకు?

తల్లులారా, "మాకు ఇంగ్లీషు రాదే" అని తప్పుకొనవద్దు. రాత్రి అన్నాలయ్యాక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, హాస్టల్లో ఉన్న స్నేహితునికి ఏమి రాస్తావో ముందు తెలుగులో చెప్పమనండి. ఊరిలో ఏమి జరిగింది? ఎవరు వచ్చారు? నీకేమనిపించింది? ఏడెనిమిది మాటలు చెప్పగలిగితే, వాటిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా తానే పెట్టుకుంటుంది. చెప్పలేకపోతే కొరత ఇంగ్లీషులో లేదు, రాయడానికి సంగతే లేదు.

రాసిన కాగితము మాష్టారికి చూపించడానికి చాలామంది పిల్లలు సిగ్గుపడతారు. ఆ ఒక్క విషయములో మాత్రము మీరు గట్టిగా ఉండండి. వారానికి రెండు కాగితాలైనా ఎర్ర సిరాతో దిద్దించుకొని ఇంటికి తేవాలి.