ఆపా వెళ్ళిపోయాక

ఇంటి పెద్ద కన్నుమూస్తే ఏం చేయాలో మనందరికీ తెలుసు. గుసుల్, కఫన్, జనాజా నమాజు, ఆపైన మూడు రోజుల సంతాపం. కాని, పనిచేసే చోట మనకు చేయి పట్టి పని నేర్పిన ఒక స్త్రీ మరణిస్తే ఆమెకు మనమేమవుతాము? రక్తసంబంధీకులం కాము, వారసులమూ కాము. వారం తిరిగేలోగా ఆమె కుర్చీలో మరొకరు కూర్చుంటారు. హాజరుపట్టీలో ఆమె పేరు మీద ఒక గీత పడుతుంది. ఆమె ఆస్తిలో మనకు వాటా లేకపోయినా, మన మీద ఆమెకు హక్కు మాత్రం ఉంది.

మా డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఊరు. 2022లో మండల కేంద్రమైంది. ఇక్కడి మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో మరాఠీ. ఈ మూడింటి నడుమ పెరిగిన నాలుకకు దివ్యఖుర్ఆన్ అక్షరాలు పలికించడం ఎంత ఓపికతో కూడిన పనో నేర్పేవారికే ఎరుక. బడీ హే, ఛోటీ హే రెండూ వారి నోట ఒకే శబ్దమవుతాయి. మా ప్రాంతంలో ఆడపిల్లలకు చాలాకాలం చదువు చెప్పి మరణించిన ఒక ముఅల్లిమా దీనికొక సులువు కనిపెట్టారు. "కళ్ళజోడు తుడిచే ముందు అద్దం మీద ఎలా ఊదుతావు? ఆ ఊపిరే బడీ హే" అనేవారట. కొత్తగా చేరిన ముఅల్లిమా పొరపాటుగా పలికితే పిల్లల ముందు దిద్దేవారు కారు. తరగతి ముగిశాక పక్కన కూర్చోబెట్టుకొని, ముందు చాయ్ పోసి, తర్వాత మెల్లగా చెప్పేవారు. ఆమె దగ్గర పని నేర్చినవారు ఇప్పుడు తలా ఒక ముక్క చెబుతారు. ఒకరికి అద్దం మాట గుర్తుంది, మరొకరికి చాయ్ గుర్తుంది. అన్నీ తెలిసిన మనిషి మాత్రం లేదు.

ఈ కొరతను మన పూర్వీకులు ఏనాడో గుర్తించారు. హజ్రత్ ఆయిషా (రజి) హిజ్రీ 58వ సంవత్సరం రమజాన్‌లో పరమపదించారు. ఆమె ద్వారా మనకు చేరిన హదీసులు 2,210. అవి గ్రంథాల్లో భద్రంగా ఉన్నాయి. అయితే ఆమె తన వద్ద పెరిగిన ఆడపిల్లలకు పని ఎలా నేర్పారన్నది మనం అంతగా చెప్పుకోము. ఇమామ్ బుఖారీ (రహ్మ) 'అల్ అదబుల్ ముఫ్రద్'లో ఒక ఉల్లేఖనం ఉంది. ఆమె చెల్లెలి కూతురు ఆయిషా బిన్తె తల్హాకు దూర నగరాల నుండి జనం ఉత్తరాలు రాసేవారు, కానుకలు పంపేవారు. పెద్దమ్మ వద్ద ఆమెకున్న స్థానమే అందుకు కారణం. ఆ పిల్ల వచ్చి, "ఫలానావారి ఉత్తరం, ఫలానావారి కానుక" అని చెప్పగా, హజ్రత్ ఆయిషా (రజి) ఆ ఉత్తరాన్ని తాము తీసుకోలేదు. జవాబు నువ్వే రాయమన్నారు, కానుకకు బదులు కానుక నువ్వే పంపమన్నారు. ఇవ్వడానికి నీ వద్ద ఏమీ లేకపోతే నేనిస్తానన్నారు. ఇచ్చారు కూడా. పని అప్పగించడం, ఆ పనికి కావలసిన సామగ్రిని తన చేతి నుండి అందించడం, పేరు మాత్రం పిల్లదిగానే ఉంచడం! నేటి కార్యాలయాల్లో పైవారు ఇందులో సగం చేసినా క్రిందివారు జీవితాంతం దువా చేస్తారు.

ఆ ఇంట్లోనే పెరిగిన మరో స్త్రీ అమ్రా బిన్తె అబ్దుర్రహ్మాన్. విద్యాదాహంతో ఉన్న యువ ఇబ్నె షిహాబ్ జుహ్రీని ఖాసిమ్ బిన్ ముహమ్మద్ ఆమె వద్దకే పంపారు. వెళ్ళి చూస్తే ఇంకని సముద్రంలా కనిపించారని జుహ్రీ తర్వాత చెప్పుకున్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) 'మువత్తా'లో ఆమె తీర్పును సరిదిద్దిన సంఘటన ఒకటుంది. మదీనాలో అధికారంలో ఉన్న అబూబకర్ బిన్ హజ్మ్, కొన్ని ఇనుప ఉంగరాలు దొంగిలించిన ఒకతన్ని బంధించి, చేయి నరికించడానికి సిద్ధమయ్యారు. అమ్రా తన పనిమనిషితో కబురు పంపారు: పావు దీనారుకు తక్కువైన దానికి ఆ శిక్ష లేదు. అతన్ని వెంటనే విడిచిపెట్టారు. ఆమె చెప్పకపోయి ఉంటే ఒక మనిషి చేయి పోయేది. విద్య అంటే ఇంత బరువైన విషయం.

తర్వాత హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఆ అబూబకర్‌కే లేఖ రాశారు. దైవప్రవక్త (స) హదీసులను, అమ్రా వద్ద ఉన్నవాటిని రాసిపెట్టమని ఆజ్ఞాపించారు. పండితులతోపాటు విద్య కూడా పోతుందేమోనన్నది ఆయన భయం. సంతాప సభలు కాదు, కలము, కాగితము కావాలన్నారు.

మన తెలంగాణలో సుగ్రా హుమాయూన్ మిర్జా (1884–1958) పేరు నేటికీ మిగిలి ఉండటానికీ ఇదే కారణమని మా అభిప్రాయం. హైదరాబాద్‌లో ఆమె స్త్రీల కోసం 'అన్నిసా' పత్రిక నడిపారు, నవలలు, యాత్రా కథనాలు రాశారు. తండ్రి సఫ్దర్ అలీ పేరిట 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించారు. ఆమె భర్త పేరిట వెలసినదే హుమాయూన్ నగర్. ఆమె అభిప్రాయాలన్నింటితో మనం ఏకీభవించనవసరం లేదు. కాని, రాయడం తెలిసీ అచ్చులో పేరు చూసుకోని ఇల్లాళ్ళకు ఆమె తన పత్రికలో చోటిచ్చారు. తను పోయాక కూడా నడిచేలా పాఠశాలను నిలబెట్టారు. డోంగ్లి ఆపాకు పత్రిక లేదు, ఆస్తి లేదు. ఆమె వంటివారే మనలో ఎక్కువ.

కనుక మీ ఊరి మదర్సాలో, అంగన్‌వాడీలో, కుట్టు శిక్షణ కేంద్రంలో, ఆసుపత్రిలో నలుగురికి పని నేర్పిన పెద్దావిడ ఇంకా జీవించి ఉంటే, ఒక నోటుపుస్తకం తీసుకొని ఆమె వద్ద కూర్చోండి. గొప్ప మాటలు అడగవద్దు, చిన్న చిన్న కిటుకులే అడగండి. ఫోనులో ఆమె గొంతు పట్టుకోవాలనుకుంటే ఆమె అనుమతి తీసుకోండి.

మరణించి ఉంటే కొన్ని పనులు ఆలస్యం చేయరానివి. ఆమెకు రావలసిన జీతం బకాయి సంస్థ చూపే దయ కాదు, అది ఆమె తర్కాలో భాగం. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వసీయతు తీరాక వారసులందరికీ షరీఅత్ ప్రకారం చెందాలి. కాగితం మీద ఒకరి పేరు నామినీగా ఉన్నంత మాత్రాన ఆ సొమ్ము వారొక్కరిదే కాదు. ఆమె వద్ద ఎరువు తెచ్చుకున్న పుస్తకాలు, కుట్టు కత్తెర, టిఫిన్ డబ్బా వంటివి కూడా అమానత్‌లే. చాలా అల్మారాల్లో ఇలాంటివి ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. వాటిని తీసుకొని ఆమె ఇంటికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఆమె పిల్లలకు, వారి తల్లి మీకు ఏం నేర్పారో చెప్పండి. పనిచేసే చోట తమ తల్లి ఎలా ఉండేవారో చాలామంది పిల్లలకు తెలియదు.