బీరు కాచిన చేతులు

బీరను మాట వినబడగానే మన యిండ్లలోని స్త్రీలు మొగము త్రిప్పుకొందురు. మేమును త్రిప్పుకొనువారమే, ఆ పానీయమును మెచ్చుటకు ఈ వ్యాసమును వ్రాయుటలేదు. కాని దాని పుట్టుపూర్వోత్తరములను చదివినకొలది, వేలయేండ్లు స్త్రీల వంటింటి పనిగా నుండిన యొక విద్య, లాభము కనబడినంతనే వారి చేయి జాఱిన విధము మాకు తెలియవచ్చినది. ఆ కథను సోదరీమణులకు చెప్పదలచితిమి.

పని మాత్రము మనకు క్రొత్తది కాదు. తరవాణికుండ నెఱిగిన వారికి పులియుట యన నేమో వివరింప నక్కఱలేదు. యవలను నానబెట్టి, మొలకలెత్తించి, ఎండబెట్టి, నలుగగొట్టి, వేడినీట నుంచినచో గింజలోని పిండి తీపిగా మాఱును. ఆ తీపినీటిని వడగట్టి చల్లార్చి యుంచగా, కంటికి గనరాని కిణ్వజీవులు దానిని పులియజేయును.

యూఫ్రటీసు, టైగ్రిసు నదుల నడుమనుండిన సుమేరియాలో ఈ పనికి అధిదేవత నిన్కాసి యను స్త్రీ. క్రీ. పూ. 1800 ప్రాంతమున మట్టిపలకలపై వ్రాయబడిన యామె స్తోత్రములో బీరు చేయు విధానమే వర్ణింపబడియున్నది. దేవతాస్తుతియు పాకశాస్త్రమును ఒక్కటిగా నమరుట వింత గదా! పిమ్మట బాబిలోనులో హమ్మురాబి శాసనము పానశాల నడుపువారిని గూర్చి చెప్పునపుడు స్త్రీలనే పేర్కొన్నది. బీరునకు వెలగా ధాన్యము పుచ్చుకొనక, పెద్ద తూకముతో వెండి పుచ్చుకొని, ధాన్యపు విలువకు తగినంత బీరు ఇయ్యనిదానిని నీట ద్రోయవలెనట. మన కౌటిల్యుడు అర్థశాస్త్రములో సురాధ్యక్షుని ప్రకరణమున, బియ్యముతో జేయు మేదకమునకు పాళ్లు చెప్పి, సురకును కిణ్వమునకును వలసినవి యేఱి సమకూర్చు పనిని స్త్రీలకును బాలురకును అప్పగించెను. అధ్యక్షపదవి పురుషునిది, ఏఱుడుపని స్త్రీలది!

1300 ప్రాంతమున ఇంగ్లండు పల్లెలలో ఏల్ అను యవపానీయమును కాచువారు చాలవఱకు స్త్రీలే. అది కొలది దినములలోనే పులుపెక్కి చెడును. కావున ఇల్లాలు ఇంటికి వలసినది ఉంచుకొని, మిగిలినది పొరుగువారి కమ్ముచుండెను. వాకిట కఱ్ఱకు ఆకులకట్ట వ్రేలాడిన ఏల్ సిద్ధమని గుర్తు. వితంతువులకును ఇది చేతిలో నాలుగు కాసులు. ఆ పని చేయు స్త్రీకి ఆంగ్లమున ‘బ్రూస్టరు’ అను ప్రత్యేకపదమే కలదు.

పిమ్మట హాప్సు వచ్చెను. ఈ తీగపువ్వుల చేదు పానీయమును చెడనీయదని 12వ శతాబ్దమున జర్మనీలో హిల్డెగార్డు అను సన్యాసిని వ్రాసియుంచినది. స్త్రీ వ్రాసిన యా గుణమే స్త్రీల వృత్తికి ముప్పు దెచ్చెను. నిలువయుండు సరకును దూరదేశములకు పంపవచ్చును, సైన్యములకు అమ్మవచ్చును. అందులకు పెద్ద కాగులు, వంటచెఱకు, పీపాలు, అన్నింటిని మించి మూలధనము కావలెను. భర్తగల స్త్రీకి తన పేర ఆస్తియు లేదు, అప్పును పుట్టదు. 1600 నాటికి అచ్చటి పట్టణములలో ఈ వర్తకము చాలవఱకు పురుషుల పాలయ్యెను. చిల్లరగా అమ్ముకొనుటయే పెక్కురు స్త్రీలకు మిగిలినది.

దక్షిణాఫ్రికాలో జరిగినది మఱింత కఠినము. మొలకజొన్నలతో బీరు చేయుట జూలూ స్త్రీల గృహకృత్యము. పట్టణము చేరిన పేదరాండ్రకు అదియే జీవనాధారము. 1908లో నాటాలు ప్రభుత్వపు చట్టము, పట్టణములలో ఆ బీరు చేసి యమ్ము గుత్తాధికారమును పురపాలకసంఘములకు ఇచ్చినది. డర్బను సంఘము బీరుశాలలు తెఱచి, ఆ రాబడితో నల్లవారిపై తన పరిపాలనను నడిపినది. స్త్రీల కుండలను పోలీసులు పాఱబోయుచు వచ్చిరి. భర్త కూలిడబ్బు బీరుశాలకు పోవచ్చును. భార్య యింట కాచిన నేరము. 1959 జూన్ నెలలో కాటో మేనర్ స్త్రీలు కఱ్ఱలు చేబట్టి బీరుశాల జొచ్చి, త్రాగువారిని తఱిమి, బీరును నేలపాలు చేసిరి.

1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలును సారాపై తిరుగబడిరి. వారు సారాయే వలదనిరి. కాటో మేనర్ స్త్రీలు తమ కుండలు తమకు కావలెననిరి.